గార్డులో ఉల్లిపాయలు

మా ఇంట్లో ఉల్లిపాయలు గడ్డి మిషన్ గార్డులో ఉండేవి. వచ్చినవాళ్ళకి వింతగా ఉండేదేమో గానీ మాకు అలవాటైపోయింది.

గడ్డి మిషన్ అంటే చక్రాల మీద తోసుకెళ్ళేది కాదు. పట్టీ భుజానికి తగిలించుకుని, పొడుగాటి గొట్టం చివర గిర్రున తిరిగే బ్లేడుతో, నిలబడి కోసేది. ఆ బ్లేడుకి మనిషి ఉండే వైపు నారింజ రంగు ప్లాస్టిక్ డొప్ప ఒకటి బిగించి అమ్ముతారు. బ్లేడు తగిలి ఎగిరే రాయీ రప్పా వెనక్కి రాకుండా అది ఆపుతుంది. అదే గార్డు. కొత్త మిషన్ ఇంటికి రాగానే మా మామగారు చేసే మొదటి పని, స్పానరు పట్టుకుని ఆ డొప్పని ఊడదీయడం. తడిగడ్డి అందులో ఇరుక్కుని ముద్ద కడుతుందట. ఆగి ఆగి కెలుక్కుంటూ కూర్చుంటే పని సాగదట. "అది నేర్చుకునేవాళ్ళకి, మనకెందుకు" అనేవారు. అలా మిషన్లు పెరిగినకొద్దీ ఇంట్లో డొప్పలూ పెరిగాయి. ఏ వస్తువైనా పారేయడానికి మా అత్తయ్యకి చేతులు రావు. ఒకటి వంటింట్లో ఉల్లిపాయలకి పెట్టింది. రెండు చెత్త ఎత్తే చేటలయ్యాయి. దండెం కింద ఒకదాంట్లో బట్టల క్లిప్పులు. ఇంకోటి పెరట్లో బోర్లా పడుకుని ఒక చిన్న మొక్కకి గొడుగు పట్టేది.

తోటలూ మైదానాలూ శుభ్రం చేసే పని మాది. మామగారే యజమాని, మేస్త్రి, డ్రైవరు. మా ఆయనా, 'పొడుగు' అని మేమంతా పిలిచే ఒకతనూ, ఇంకో ఇద్దరూ కోతకి వెళ్ళేవాళ్ళు. కంచె మొక్కలు కత్తిరించడం నా పని, మిషన్ల బాగోగులూ నావే. మా నాన్న మెకానిక్కు. కార్బురేటరు విప్పడం నాకు జడ వేసుకున్నంత తేలిక. గార్డుల సంగతి ఎప్పుడెత్తినా మామగారిది ఒకటే మాట: "విప్పేది, బిగించేది నువ్వు. కోసేది మేం. ఎవరి పని వాళ్ళు చూసుకుందాం."

నాకు నోరెక్కువని అత్తయ్య ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. తక్కువని నేనెప్పుడూ అనలేదు.

ఆ వానాకాలం ముందే మొదలైంది. గడ్డి నడుం దాకా లేచింది. ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ ఆవరణని పార్కు చేస్తున్నారు, అది శుభ్రం చేసే పని మాకొచ్చింది. అంత పెద్ద పని మా ఇంటికి అంతకుముందు రాలేదు. మామగారు నేల మీద నడవడం మానేశారు. పని మొదలుపెట్టేముందు మిషన్లు చూడాలని పార్కు ఆఫీసు సూపర్వైజరు మా షెడ్డుకి వస్తానన్నాడు.

ఆ పొద్దున మా ఇంట్లో హడావుడి చూడాలి. అత్తయ్య ఉల్లిపాయల్ని పళ్ళెంలోకి ఒంపి, డొప్పకి అంటుకున్న పొట్టు కొంగుతో తుడిచి ఇచ్చింది. క్లిప్పులు బకెట్లోకి వెళ్ళాయి. చేటల్ని కడిగారు. మొక్కకి గొడుగు పోయింది. సూపర్వైజరు వచ్చేసరికి మిషన్లన్నీ నారింజ రంగు డొప్పలు తొడుక్కుని బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.

"అన్నిటికీ గార్డులున్నాయి. బాగుంది" అన్నాడతను.

"పని కంటే మనిషి ముఖ్యం కదా సార్" అన్నారు మామగారు.

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. అతను ఒక మిషన్ దగ్గర వంగి వాసన చూశాడు.

"ఏంటిది, ఉల్లిపాయ వాసనొస్తోంది?"

"గడ్డి సార్. రకరకాల గడ్డి కోస్తాం" అన్నారు మామగారు, రెప్ప వెయ్యకుండా.

అతని స్కూటరు వీధి మలుపు తిరిగిందో లేదో మామగారి చేతిలోకి స్పానరు వచ్చేసింది.

"మామయ్యా, బిగించినవి బిగించినట్టే ఉంచితే ఏం పోతుంది?" అన్నాను.

"పని పోతుంది" అన్నారు. మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. సాయంత్రానికి ఉల్లిపాయలు మళ్ళీ వాటి చోటికి వచ్చేశాయి.

మామగారి కోత పద్ధతి గురించి చెప్పాలి. అందరూ దూరదూరంగా కొయ్యడం ఆయనకి నచ్చదు. ముందు ఆయన, ఆయనకి కాస్త వెనక ఎడమగా మా ఆయన, ఆ వెనక పొడుగు, ఇలా ఒకరి వెనక ఒకరు ఏటవాలుగా దగ్గరదగ్గరగా సాగాలి. మధ్యలో గడ్డిపోచ మిగలకూడదు. చూడ్డానికి బాగుండేది, ఆ మాట ఒప్పుకుంటాను. ఎగిరిన గులకరాళ్ళు కాళ్ళకి తగిలి రక్తాలొచ్చేవి. సాయంత్రం షెడ్డులో కూర్చుని ఎవరి మచ్చ పెద్దదో పోల్చుకుని నవ్వుకునేవాళ్ళు. మామగారి పిక్కల మీద మచ్చలేని చోటు లేదు. ఒక్కో మచ్చకీ ఒక్కో కథ చెప్పేవారు.

అది జరిగిన రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. నేను గేటు దగ్గర అడవిలా పెరిగిన కంచె మొక్కలు కత్తిరిస్తున్నాను. లోపల మిషన్ల మోత ఒకటొకటిగా తగ్గింది. పొడుగు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతను పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"వదినా, నీళ్ళ సీసా పట్రా. అన్నకి కంట్లో ఏదో పడింది."

మా ఆయన కోసిన గడ్డిలో కూర్చుని ఉన్నాడు. ఎడమ కన్ను మీద అరచెయ్యి అదిమి పెట్టుకున్నాడు. "ఏం కాలేదు, ఏదో పడింది అంతే" అంటున్నాడు గానీ వేళ్ళ సందుల్లోంచి కారుతున్నది కన్నీరు కాదు. మామగారు మిషన్ ఇంకా భుజానికే ఉంచుకుని నిలబడ్డారు. దాని ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటూనే ఉంది.

"కడుక్కుంటే పోతుందిరా" అన్నారాయన.

"కడగొద్దు. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. టీ తాగే కాగితం కప్పు కంటి మీద బోర్లించి, నా తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, ఒత్తిడి పడకుండా కట్టాను.

వ్యానులో ఎక్కించి బయల్దేరాం. ఆసుపత్రి కనిపించాక మామగారు అద్దంలోంచి మమ్మల్ని చూసి అన్నారు.

"డాక్టరు అడిగితే ఇంట్లో కట్టెలు కొడుతుంటే తగిలిందని చెప్పండి. పార్కువాళ్ళకి తెలిస్తే పని లాగేసుకుంటారు."

మా ఆయన కప్పు కట్టిన తలని ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, అయినా అప్పటికి ఊరుకున్నాను.

డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. ఆమె మొహం మారలేదు. అది చూసే నాకు భయం వేసింది.

"ఎలా తగిలింది?"

"కట్టెలు కొడుతుంటే అమ్మా" అన్నారు మామగారు.

"కట్టెలు కాదండీ. పనిలో తగిలింది. గార్డు తీసేసిన గడ్డి మిషన్" అన్నాను.

మామగారు నన్ను చూసిన చూపుకి ఇంకో కోడలైతే మూర్ఛపోయేది. డాక్టరమ్మ మాత్రం నా వైపే తిరిగింది.

"కట్టెపుల్ల అయితే ఒక వైద్యం, ఇనుమైతే ఒకటి. రాయా, ఇనుమా?"

"రాయే అయుంటుంది. బ్లేడు కొస విరిగి ఎగిరినా ఎగిరుండొచ్చు. అదీ చూడండి."

చూశారు. రాయే. కన్ను మాత్రం పోయింది. దాన్ని చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. "ఉన్న కన్నుని రెండు కళ్ళతో సమానంగా చూసుకోవాలి. దీనికేమన్నా అయితే ఇంక మా చేతుల్లో ఏమీ లేదు" అని చెప్పి పంపింది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక మామగారు నాతో మాటలు మానేశారు. నేను ఎదురుగా ఉన్నా అత్తయ్యతోనే అనేవారు: "ఆవిడగారిని అడుగు, వ్యాను తాళాలు ఎక్కడ తగలేసిందో." నేనూ తక్కువ తిన్లేదు. "అత్తయ్యా, మీ ఆయనగారి చొక్కా జేబులో ఉన్నాయని చెప్పండి" అనేదాన్ని. మధ్యలో అత్తయ్య ఇద్దరి వైపూ తల తిప్పలేక చచ్చేది.

సంగతి పార్కువాళ్ళ చెవిన పడింది. సూపర్వైజరు వచ్చి షెడ్డు దద్దరిల్లేలా కేకలేసి, గార్డులు లేకుండా ఇంకోసారి కనిపిస్తే పని రద్దు అని చెప్పి వెళ్ళాడు. ఆ పూట అన్నిటికీ గార్డులు ఎక్కాయి. రెండ్రోజుల తర్వాత నేను వంటింట్లోకి వెళ్తే ఉల్లిపాయలు డొప్పలో ఉన్నాయి.

"ఇది మళ్ళీ ఇక్కడికెలా వచ్చింది అత్తయ్యా?"

"మీ మామయ్య తెచ్చి ఇచ్చారు" అంది అత్తయ్య, నా మొహం చూడకుండా. "ఆ సూపర్వైజరు స్కూటరు చప్పుడు అల్లంత దూరం నుంచే వినపడుతుందట. బిగించుకునే వ్యవధి ఉంటుందట."

"ఇచ్చారు సరే. మీరెలా తీసుకున్నారు?"

"నేను ఏనాడు ఆయనకి ఎదురు చెప్పాను గనక" అంది. అనేసి ఉల్లిపాయలు అటూఇటూ సర్దుతూ కూర్చుంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ మామగారు ఒకటే చెప్పేవారు: "మావాడికి చిన్నప్పట్నుంచీ అజాగ్రత్త. మిషన్ సరిగ్గా పట్టుకోవడం చేతకాలేదు. ఇన్నేళ్ళుగా నేను కోస్తున్నాను, నాకేమన్నా అయిందా?" మా ఆయన పక్క గదిలోంచి అది వింటూ ఉండేవాడు. ఒక్కసారి కూడా కాదనలేదు. ఈ మనిషికి నోట్లో నాలుక లేదా అని ఆయన మీద కూడా కోపం వచ్చేది.

ఒక కంటితో దూరాలు అందవు. గ్లాసులో నీళ్ళు పోస్తే గ్లాసు పక్కన పోసేవాడు. తలుపు గొళ్ళెం అనుకుని గాలిని పట్టుకునేవాడు. పట్టుదలగా మధ్యాహ్నాలు వంటింటి గట్టు దగ్గర నిలబడి నీళ్ళు పొయ్యడం మళ్ళీ నేర్చుకున్నాడు. గ్లాసు అంచుకి చెంబు ఆనించి పొయ్యాలని కనిపెట్టాడు. చుక్క ఒలక్కుండా పోసిన రోజున ఆ గ్లాసు తెచ్చి నాకిచ్చి అన్నాడు.

"రేపట్నుంచి పనికెళ్తాను."

"ఏ పనికి?"

"కోతకే. నాన్న ఒక్కడూ ఎంతని చేస్తాడు. గడువు దగ్గరపడింది. ఇదిగో, నల్ల కళ్ళజోడు కూడా కొన్నాడు నాకోసం."

చూశాను. ఎండలో షోకుకి పెట్టుకునే కళ్ళజోడు. వేలితో నొక్కితే పుటుక్కుమనేలా ఉంది.

"దీన్ని నమ్మి ఉన్న ఒక్క కన్నూ తీసుకెళ్ళి ఆ రాళ్ళ ముందు పెడతావా? గార్డులు బిగించమను, అప్పుడు చూద్దాం. కనీసం నీ మిషన్ కైనా బిగించుకో."

"నా మిషన్ కి బిగించుకుంటే ఏం లాభం?" అన్నాడు. అని ఆగిపోయాడు.

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఏమిటి నువ్వనేది?"

చేతిలో కళ్ళజోడు మడిచి గట్టు మీద పెట్టాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు. "ఆ రోజు నా మిషన్ తిరగడం లేదు. బ్లేడుకి గడ్డి చుట్టుకుంటే ఆపేసి, కింద కూర్చుని పీకుతున్నా. నాన్న ముందు కోస్తున్నాడు."

ముందు మామగారు, వెనక ఎడమగా మా ఆయన. రాయి వెనక్కి ఎగిరింది. వెనక్కి ఎగిరే రాయిని ఆపే డొప్పేమో మా వంటింట్లో ఉల్లిపాయలు మోస్తోంది.

"మామయ్యకి తెలుసా?"

"తెలీదు. చెప్పకు. ఆయన తట్టుకోలేడు."

"నువ్వు తట్టుకోలా?"

నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు.

"సరే, నా నోటితో చెప్పను" అన్నాను. "కానీ నువ్వు ఆ మిషన్ల మధ్యకి వెళ్ళవు."

"నాన్న వ్యాను స్టార్ట్ చేస్తే ఎక్కకుండా ఎలా ఉంటాను?"

"వ్యాను స్టార్ట్ అవుతుంది. మిగతావి నేను చూసుకుంటాను."

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు లేచి షెడ్డులోకి వెళ్ళాను. ప్రతి మిషన్ కీ ఇంజను నెత్తిన చిటికెన వేలంత స్పార్కు ప్లగ్గు ఉంటుంది. అది లేకపోతే తాడు తెగేదాకా లాగినా ఇంజను దగ్గదు. అన్నిటివీ విప్పి, నా నడుముకి కట్టుకునే పనిముట్ల సంచిలో వేసుకున్నాను. తర్వాత టీ కలుపుకుని తెచ్చుకుని, షెడ్డు గుమ్మంలో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను.

కోతకి బయల్దేరేముందు మిషన్లు ఒకసారి తిప్పి చూడటం మామగారి అలవాటు. తన మిషన్ తాడు లాగారు. మళ్ళీ లాగారు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ లాగారు. పొడుగు తన మిషన్ లాగాడు. మిగతా ఇద్దరూ లాగారు. షెడ్డు నిండా తాళ్ళ చప్పుడే తప్ప ఇంజను చప్పుడు లేదు.

"పెట్రోల్లో నీళ్ళు కలిశాయి" అన్నారు మామగారు.

"కలవలేదు" అన్నాను. "ప్లగ్గులు నా దగ్గరున్నాయి."

చాలా రోజుల తర్వాత ఆయన నాతో నేరుగా మాట్లాడారు. "ఏమన్నావు?"

"గార్డు బిగించిన మిషన్ కి ప్లగ్గు ఇస్తాను. గార్డు లేనిదానికి లేదు. ఒకరి వెనక ఒకరు వరస కట్టి కొయ్యడం కూడా ఇవాల్టితో సరి. మనిషికీ మనిషికీ మధ్య నాలుగు వ్యాన్లు పట్టే ఎడం ఉండాలి. ప్రతివాళ్ళ మొహానికీ రాళ్ళని ఆపే ఇనప జాలీ ఉండాలి, షోకు కళ్ళజోళ్ళు కాదు."

"ప్లగ్గులు బజార్లో దొరకవనుకున్నావా? ఇప్పుడే వెళ్ళి కొత్తవి తెస్తా."

"తెండి. అవీ విప్పుతాను."

"నా ఇంట్లో ఉండి నా మిషన్లకే అడ్డం పడతావా? నడు ఇంట్లోంచి."

"నడుస్తాను. ప్లగ్గులతో సహా నడుస్తాను."

పొడుగు గొంతు సవరించుకున్నాడు. తన మిషన్ భుజం నుంచి దించి నా ముందు పెట్టాడు. "వదినా, ముందు నాది బిగించు. నాకూ కళ్ళు రెండే ఉన్నాయి. నా గార్డు ఎక్కడుంది?"

"దండెం కింద. క్లిప్పులు కింద పారబోసి తెచ్చుకో."

అతను వెళ్ళాడు. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తమ మిషన్లూ దించేశారు. మామగారి మొహం జేవురించింది. మాట దూసుకొచ్చింది.

"నీ మొగుడికి పట్టుకోవడం చేతకాక కన్ను పోగొట్టుకుంటే దానికి నా మిషన్లేం చేశాయి?"

ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి పళ్ళు బిగబట్టాను. ఆ క్షణంలో నేను మింగినంత కోపం జన్మలో మింగలేదు.

మా ఆయన ఇంట్లోంచి షెడ్డులోకి వచ్చి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. నల్ల కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నాన్నా, నా మిషన్ అప్పటికే ఆపేసి ఉంది" అన్నాడు, వ్యాను టైర్లో గాలి తగ్గిందని చెప్పినట్టు.

"ఏంటి?"

"గడ్డి చుట్టుకుంటే కూర్చుని పీకుతున్నా. నీ వెనకాల."

మామగారు ఏదో అనబోయారు. కొడుకు మొహం చూశారు, తర్వాత తన మిషన్ వైపు చూశారు. గొట్టం చివర గార్డు బిగించాల్సిన చోట రెండు ఖాళీ బోల్టు కన్నాలు మట్టి కూరుకుని ఉన్నాయి. తాడు పిడి ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది.

వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి అంతా విన్నది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది. లోపల్నించి దబదబా ఉల్లిపాయలు నేల మీద పడి దొర్లిన చప్పుడు వినపడింది. ఒకటి గుమ్మం దాటి షెడ్డులోకి కూడా వచ్చింది. దాని వెనకే అత్తయ్య వచ్చింది, చేతిలో నారింజ రంగు డొప్పతో. దాన్ని మామగారి కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఉల్లిపాయలు..." అన్నారు మామగారు. ఇంకేం అనాలో ఆయనకి తోచలేదు.

"కింద పడ్డాయి" అంది అత్తయ్య. "బిగించండి."

ఆయన కూర్చున్నారు. కన్నాల్లో మట్టి పుల్లతో గీకి, డొప్ప ఆనించి, బోల్టు పెట్టబోయారు. బోల్టు వేళ్ళలోంచి జారిపోయింది. మా ఆయన ఎదురుగా కూర్చుని డొప్ప పట్టుకున్నాడు. తను బోల్టు అందుకుని పెట్టబోతే ఆ ఒక్క కంటికి కన్నం అందలేదు. మామగారు కొడుకు వేళ్ళు పట్టుకుని కన్నం దగ్గరికి తెచ్చారు. ఇద్దరూ తలలు ఆనించి ఒక్క బోల్టుతో అలా తంటాలు పడుతుంటే నాకు ఏడుపొచ్చింది. మామగారి మీద మొదటిసారి జాలేసింది కూడా.

మొదటి బోల్టు బిగిశాక ఆయన తలెత్తకుండానే చెయ్యి చాపారు. "ప్లగ్గు ఇవ్వమ్మా."

"రెండోది కూడా బిగించండి" అన్నాను.

బిగించారు. అప్పుడిచ్చాను.

పార్కు పని గడువుకి పూర్తి కాలేదు. తడిగడ్డి నిజంగానే ముద్ద కట్టింది, నిజంగానే ఆగి ఆగి కెలకాల్సి వచ్చింది. పార్కు తెరిచిన రోజున ఒక మూల గడ్డి అలాగే ఉండిపోతే సూపర్వైజరు సణిగాడు. సణగనీ అనుకున్నాను. మా ఆయన ఇప్పుడు కొయ్యడు. కోతకి ముందే ఆవరణంతా నడిచి రాళ్ళూ ఇనపముక్కలూ ఏరేస్తాడు. తర్వాత మొహానికి జాలీ పెట్టుకుని దూరంగా నిలబడి, ఎవరు ఎవరికి దగ్గరగా జరిగినా ఈల వేస్తాడు. ఆ ఈల ఎక్కువగా మామగారి కోసమే. ఆయన విసుక్కుంటూనే జరుగుతారు.

ఉల్లిపాయలు మాత్రం ఇప్పటికీ వంటింట్లో నేల మీదే ఉన్నాయి. మంచినీళ్ళకి వచ్చినప్పుడల్లా మామగారి కాలికి ఏదో ఒకటి తగిలి దొర్లుతుంది. మొన్న ఆయన దాన్ని వంగి తీసి, చేతిలో అటూఇటూ తిప్పి అన్నారు.

"వీటికో బుట్ట కొనుక్కురానా?"

అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

"వద్దు. కాలికి తగలనీ" అంది.